నొప్పంత పొడవు దారం

మా అపార్ట్‌మెంటులో కింది అంతస్తులో ఉండే అక్క నాచారంలో ఒక బట్టల కంపెనీలో సూపర్‌వైజర్. కంపెనీ అంటే మరీ పెద్దదేమీ కాదు. ఒక రేకుల షెడ్డు, దాని కింద వరసగా కరెంటు కుట్టు మిషన్లు, వాటి ముందు కూర్చుని బడి యూనిఫాంలు కుట్టే ఆడవాళ్లు. అక్కది జనగామ వైపు, నాది తెనాలి దగ్గర. మా అపార్ట్‌మెంటు ఉన్న పీర్జాదిగూడకు ఇద్దరం ఇంచుమించు ఒకే సమయంలో వచ్చాం. నేను ఉప్పల్లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. ఆ మాట ఆమెకు తెలుసు గానీ అదేం చదువో ఆమె ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఎలా చెప్పాలో నాకూ తెలిసేది కాదేమో.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం నీళ్ల ట్యాంకరు కోసం నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. అక్క మడిచిన కాగితం ఒకటి పట్టుకుని వచ్చింది.

"చెల్లె, నువ్వు లెక్కల టీచరమ్మవు గదా. జర ఇది సూడు."

కాగితం మీద రెండు నిలువు వరసల్లో అంకెలు. ఒక వరస మీద 'స్టూలు' అని, రెండో దాని మీద 'కుర్చీ' అని రాసి ఉంది. సంగతేమిటని అడిగితే చెప్పుకొచ్చింది. వాళ్ల దగ్గర టైలర్లందరూ వెనక ఆనుకునేందుకు ఏమీ లేని స్టూళ్ల మీద రోజంతా కూర్చుంటారు. బడులు తెరిచే సీజన్ వచ్చిందంటే నడుములు పడిపోతాయి. ఏడాదిగా తను పోరగా పోరగా, ఓనరు కొడుకు వీపు ఆనే కుర్చీలు ఒక లైనుకు, అంటే ఒక వరస మిషన్లకు, సరిపడా తెప్పించాడు. పనికొస్తాయో లేదో చూశాక మిగతావి కొందామన్నాడు. మొదటి వారం ఆ లైను వాళ్లు ఎప్పటిలాగే స్టూళ్ల మీద కూర్చున్నారు, రెండో వారం కుర్చీల మీద. రెండు వారాలూ శనివారం సాయంత్రం అక్క ఒక్కొక్కరి దగ్గరకు వెళ్లి కొలత టేపు చాచి, ఈ చివర అంటే నొప్పే లేదు, ఆ చివర అంటే ఇక ఓర్వలేను, నీది ఎక్కడుందో చూపించమంది. టైలర్లకు టేపు కంటే తెలిసిన కొలత ఇంకేముంటుంది? వాళ్లు వేలు పెట్టిన చోట అంకె రాసుకుంది. కాగితం తీసుకెళ్లి ఓనరు కొడుక్కి ఇచ్చింది.

"ఆయన కంపూటర్ల టీ టెస్టు చేసిండంట. స్టూలుకు కుర్చీకి తేడా లేదంటుండు. కుర్చీలు వాపస్ పంపుతడంట. గింతమంది ఆడోళ్లు కుర్చీ మంచిగున్నది మేడం అని నా ముంగట చెప్పిన్రు, తేడా లేదంటడేంది? ఏం టీ టెస్టు అది, చాయ్ తాగుకుంట చేసిండా?"

నాకు నవ్వొచ్చింది. కానీ కాగితం చూస్తుంటే నవ్వు ఆగిపోయింది. రెండు వరసల్లోనూ అంకెలు చిన్న నుంచి పెద్దకు మెట్లెక్కినట్టు ఉన్నాయి.

"అక్కా, అన్నిటికంటే పైన పక్కపక్కన ఉన్న ఈ రెండు అంకెలూ ఒకే మనిషివా?"

"ఏమో మరి. నేను పేర్లతోనే రాసిన. ఆయన కంపూటర్ల ఎక్కిచ్చి, సక్కగ కనపడాలెనని రెండు దిక్కులా చిన్నది నుంచి పెద్దదానికి పెట్టిండు."

"నువ్వు రాసిన కాగితం?"

"కటింగు టేబుల్ మీద పెట్టిన. చెత్తల పోయింది."

ట్యాంకరు వచ్చింది, పైపు వేశారు. ఆ చప్పుడు మధ్య నిలబడే ఆమెకు చెప్పాను. మనుషుల్లో పొడుగువాళ్లుంటారు, పొట్టివాళ్లుంటారు. అందరికీ ఎత్తు మడమ చెప్పులిస్తే ఎవరికైనా ఒక అంగుళం పెరుగుతుంది. కానీ ఉత్త కాళ్లతో ఉన్న గుంపును ఒక పక్క, మడమ చెప్పులేసుకున్న గుంపును ఒక పక్క నిలబెట్టి గుంపుకు గుంపును పోల్చావనుకో, ఆ అంగుళం కనిపించదు. పొడుగూ పొట్టీ తేడాలే అంతకు పదింతలు ఉంటాయి కాబట్టి వాటిలో కొట్టుకుపోతుంది. ఒకే మనిషిని చెప్పులు లేకుండా ఒకసారి, వేసుకుని ఒకసారి కొలిస్తే మాత్రం ఎంత చిన్న తేడా అయినా దొరుకుతుంది. టీ టెస్టు అంటే రెండు సగటులను పోల్చి చూసే లెక్క. ఓనరు కొడుకు ఆ రెండు వరసలూ వేర్వేరు మనుషులవనుకుని గుంపుగా పోల్చాడు. ఇది జతల లెక్క.

అక్క కాసేపు పైపు వైపు చూసి, "అంటే ఎవల నొప్పిని వాళ్ల నొప్పితోనే తూచాలె," అంది. తర్వాత, "గీ ముచ్చటే వచ్చి ఆయనకు చెప్పు," అంది.

క్లాసులో నేను బోర్డు మీద ఒక చెట్టు గీస్తాను. గుంపులు రెండా, అంతకంటే ఎక్కువా? వేర్వేరు మనుషులా, అదే మనుషులా? అంకెలు మధ్యలో గుమిగూడి రెండు పక్కలా సమంగా పలచబడ్డాయా, ఒక పక్కకు ఒరిగాయా? ఒక్కో కొమ్మ పట్టుకుని దిగితే చివర ఒక పరీక్ష పేరు వేలాడుతుంటుంది. పిల్లలు ఆ చెట్టును బట్టీ పడతారు, మార్కులు వస్తాయి. ఇన్నేళ్లలో ఆ చెట్టు ఏ షెడ్డులోనైనా ఎవరికైనా పనికొస్తుందేమో చూద్దామని నేను బయలుదేరింది అదే మొదటిసారి.

ఆ బుధవారం కాలేజీ అయ్యాక ఉప్పల్ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కి నాచారం వెళ్లాను. షెడ్డులో గాలి కంటే దూది దుమ్మే ఎక్కువ ఉంది. పక్కనే అద్దాల గదిలో ఓనరు కొడుకు. ముప్పై ఏళ్లుంటాయి, ఎంబీఏ చదివాడు. మర్యాదగా లేచి కుర్చీ చూపించాడు. జతల సంగతి చెబితే వెంటనే పట్టుకున్నాడు. సార్టింగ్ చేసినప్పుడు జతలు విడిపోయాయని ఒప్పుకున్నాడు కూడా. కానీ ఆ తర్వాత అడిగిన ప్రశ్నే నన్ను చాలా రోజులు వదల్లేదు.

"మేడం, ఒక మాట అంటా, ఏమనుకోవద్దు. నేను చేసిన టెస్టుకు తేడా లేదని వచ్చింది. మీరొచ్చి వేరే టెస్టు చేయాలంటున్నరు. దాంట్ల కూడ రాకపోతే ఇంకోటి చెప్తరా? కావాల్సిన ఆన్సర్ వచ్చేదాక టెస్టులు మార్చుకుంట పోతే ఇగ టెస్టు ఎందుకు?"

నేను వచ్చింది అక్క పక్షాన. కుర్చీలు రావాలనే నా కోరిక కూడా. నా చేతిలో ఉన్న పరీక్ష సరైనదే కావచ్చు. అయినా అది నా కోరికకు అనుకూలంగా ఉంది కదా అన్న అనుమానం అతనిది, అది న్యాయమైన అనుమానం.

"పాత అంకెలు వదిలేద్దాం," అన్నాను చివరికి. "మళ్లీ కొలుద్దాం. ఏ పరీక్ష చేస్తామో కొలవకముందే రాసి పెట్టుకుందాం. అదొక్కటే చేద్దాం. అందులో తేడా రాకపోతే రాలేదని నేనే చెబుతాను."

గదిలోనే నిలబడి ఉన్న అక్క నా వైపు చూసింది. "రాకుంటే ఎట్ల చెల్లె?"

"రాకపోతే కుర్చీలు వాపసే, అక్కా."

ఆ మాట అన్నందుకు ఇంటికొచ్చేదాకా నాకూ బెరుకుగానే ఉంది.

బయల్దేరే ముందు, ఒకసారి లైను చూస్తానన్నాను. అక్క నన్ను వెంటబెట్టుకుని తిప్పింది. టేపుతో ఎలా అడిగిందో చూపించమన్నాను. ఒక పెద్దావిడ ముందు టేపు చాచింది. ఆమె మిషన్ ఆపకుండానే, నొప్పే లేదన్న చివర వేలు పెట్టి నవ్వింది. పక్కావిడా దాదాపు అక్కడే పెట్టింది. నాకు ఆశ్చర్యం వేసింది. ఆ తర్వాత మంచినీళ్ల ఫిల్టరు దగ్గర ఆ పెద్దావిడ ఒంటరిగా కనిపిస్తే, నిజంగానే నొప్పి లేదా అని అడిగాను. గ్లాసు కడుగుతూ మెల్లగా అంది.

"నొప్పుందంటే పని శాత కాదంటరు మేడం. సీజన్ అయిపోయినంక ఎవలను ఉంచుతరో, ఎవలను తీస్తరో. సూపరైజరమ్మ ముంగట నొప్పని ఎట్ల అంటం?"

ఆ మాట నేను అక్కకు ఇద్దరం ఆటోలో వస్తుండగా చెప్పాను. ఎవరన్నారో చెప్పలేదు. ఆమె ముఖం ఒక్కసారిగా వాడిపోయింది.

"నేను తీసేస్తనా చెల్లె? వాళ్ల కోసమే గదా ఏడాది సంది కొట్లాడుతున్న?"

"వాళ్లకు ఆ సంగతి తెలుసక్కా. అయినా పేరు రాసుకునేది నువ్వే కదా."

ఆటో ఉప్పల్ రింగు రోడ్డు చేరింది. దిగబోయే ముందు, "నిజమే. నేను కూడ మిషన్ మీద కూసున్నప్పుడు గట్లనే అంటుంటి," అంది.

అసలు చిక్కు అప్పుడు అర్థమైంది. జతలుగా చూడాలంటే మొదటి వారం అంకె, రెండో వారం అంకె ఒకే మనిషివని తెలియాలి. వాళ్లు నొప్పి సంగతి దాచకుండా చెప్పాలంటే మాత్రం ఆ మనిషెవరో ఎవరికీ తెలియకూడదు. రెండూ ఒకేసారి ఎలా? ఆధార్ నంబరులా ఏదో ఒక నంబరు ఇద్దామంటే, నంబర్లిచ్చే వాళ్ల మీద మళ్లీ అనుమానమే. శనివారం మధ్యాహ్నం మళ్లీ వెళ్లి అద్దాల గదిలో ఈ సంగతే మాట్లాడుకుంటుంటే, ఓనరు కొడుకు షెడ్డులోకి చూస్తూ కూర్చున్నాడు. గోడకు కొట్టిన చెక్కల మీద దారపు రీళ్లు నిలువునా పేర్చి ఉన్నాయి. నేవీ, మెరూన్, బాటిల్ గ్రీన్, లేత నీలం, ఇంకా పేర్లు లేని ఎన్నో రంగులు.

"మేడం, ఒక్కొక్కరు ఒక్కో రంగు అనుకుంటే? ఎవరి రంగేందో మనకు చెప్పొద్దు. టేపు మీద నొప్పి ఎంతుందో అంత పొడుగు దారం కట్ చేసి డబ్బాల ఏస్తరు. రెండు వారాలు అదే రంగు. జత మనకు తెలుస్తది, మనిషి తెల్వదు."

అక్క అతన్ని కొత్తగా చూసినట్టు చూసింది. నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

ఇంకొకటి మిగిలింది. పోయినసారి అందరూ ముందు స్టూలు, తర్వాత కుర్చీ. ఆ రెండో వారమే ఒక పెద్ద ఆర్డరు వచ్చి ఓవర్‌టైం చేశారట. కుర్చీ తగ్గించిన నొప్పిని ఓవర్‌టైం తిరిగి తెచ్చి ఉండవచ్చు. అందుకని ఈసారి చీటీలు తీసి, సగం మంది కుర్చీతో, సగం మంది స్టూలుతో మొదలుపెట్టాలనుకున్నాం. రెండో వారం మార్చుకుంటారు. కుర్చీ వారం దారం ఒక డబ్బాలో, స్టూలు వారం దారం ఒక డబ్బాలో. డబ్బాలూ టేపూ కత్తెరా రీళ్లూ స్టాక్ గదిలో తెర వెనక ఉంటాయి. ఒక్కొక్కరే లోపలికి వెళ్తారు. నొప్పి అసలు లేకపోతే చిన్న ముక్క వేస్తే చాలు.

ఇక ఏ పరీక్ష? అతను మళ్లీ టీ టెస్టే, కాకపోతే ఈసారి జతలది, అన్నాడు. నేను ఆలోచించి వద్దన్నాను.

"నాలుగు అంగుళాల నొప్పి రెండు అంగుళాల నొప్పికి సరిగ్గా రెట్టింపా?"

"అట్ల ఎట్ల చెప్తం?"

"అందుకే సగటులు తీయొద్దు. ఒకరిద్దరికి తేడా మరీ పెద్దగా వస్తే సగటంతా వాళ్లే లాక్కుపోతారు కూడా. ఒక్కో రంగులో రెండు దారాల తేడా చూద్దాం. ఎటు వైపు తేడా అన్నది పట్టించుకోకుండా ఆ తేడాలను చిన్న నుంచి పెద్దకు వరస పెట్టి, ఒకటి, రెండు, మూడు అని స్థానాలు ఇద్దాం. కుర్చీ వైపు మొగ్గిన స్థానాలు ఒక పక్క, స్టూలు వైపు మొగ్గినవి ఒక పక్క కూడదాం. కుర్చీతో ఏ మార్పూ లేకపోతే ఒక్కో తేడా ఎటు మొగ్గుతుందన్నది బొమ్మాబొరుసు లాంటిదే, రెండు పక్కలూ దాదాపు సమంగా రావాలి. ఊరికే అదృష్టవశాత్తూ రాలేనంతగా ఒక పక్కకు ఒరిగితేనే తేడా ఉందంటాం."

ఎంత ఒరిగితే ఒప్పుకుంటామన్నది కూడా అప్పుడే అనుకున్నాం. అతనే గదిలో ఉన్న బోర్డు మీద అంతా రాసి, ఎవరూ తుడవొద్దని పైన పెద్దగా రాశాడు.

రెండు వారాలు గడిచాక ఒక ఆదివారం పొద్దున కటింగు టేబుల్ మీద తెల్ల గుడ్డ పరిచి డబ్బాలు బోర్లించాం. అనుకున్నట్టు అన్నీ సవ్యంగా ఏమీ లేవు. ఇద్దరు మెరూనే ఎంచుకున్నారు, ఏది ఎవరిదో తెలియదు. ఒక లేత నీలం స్టూలు డబ్బాలో ఉంది గానీ కుర్చీ డబ్బాలో లేదు. ఒకామె పెళ్లికి ఊరెళ్లిందని అక్క అంది. పొడవులు చూడకముందే వాటిని పక్కన పెట్టేశాం. మిగతా రంగులను జతలుగా పరుచుకుంటూ పోయాం. ముడతలు సరిచేసి అక్క పట్టుకుంటే, నేను టేపు పెట్టాను, అతను ల్యాప్‌టాప్‌లో ఎక్కించాడు. ఈసారి ఎవరూ టేపు మొదట్లో ఆగిపోలేదు. దారాలు చాలా పొడవుగా ఉన్నాయి. అక్క ఒక్కో దారం చాచినప్పుడల్లా పెదవి కొరుక్కుంటోంది.

లెక్క చేయకముందే కంటికి కొంత కనిపిస్తోంది. ఎక్కువ రంగుల్లో కుర్చీ దారమే పొట్టిది. మూడు నాలుగింట్లో మాత్రం కుర్చీ దారమే పొడవుగా ఉంది. అవి ఎవరివో అడగొద్దని నేను ముందే చెప్పాను కాబట్టి ఎవరూ అడగలేదు. స్థానాలు వేసి కూడితే తక్కెడ కుర్చీ వైపు బాగా ఒరిగింది. మేము బోర్డు మీద గీసుకున్న గీత కంటే చాలా అవతలికి.

ఓనరు కొడుకు ల్యాప్‌టాప్ తెర వైపు చూస్తూ, "ఇప్పుడు నమ్ముతున్న మేడం," అన్నాడు. "ముందే రాసి పెట్టుకున్నం గదా."

అక్క మాత్రం వినడం లేదు. నేను పక్కన పెట్టిన దారాల దగ్గర నిలబడి ఉంది. మెరూన్లు, లేత నీలం కాక అక్కడ ఇంకో జత ఉంది. ఇటుక రంగుది.

"ఇదెందుకు పక్కకు పెట్టినవ్? రెండు వారాలూ ఉన్నది గదా."

"రెండూ ఒకే పొడవక్కా. తేడా సున్నా. కుర్చీ మంచిదో కాదో ఈ జత ఏమీ చెప్పదు. ఈ పరీక్షలో సున్నా తేడాలను వదిలేస్తారు."

ఆమె ఆ రెండు దారాలనూ చేతిలోకి తీసుకుని టేపు మీద పెట్టింది. రెండూ ఇటు చివర నుంచి అటు చివర దాకా వచ్చాయి. ఇక ఓర్వలేను అన్న చోటి దాకా.

"గింత పొడుగుంటే సున్నా అంటవేంది చెల్లె?"

మేం ముగ్గురం ఆ దారాలనే చూస్తున్నాం. నేను చేసింది తప్పు కాదు. కుర్చీ గురించి అడిగాం, ఆ ప్రశ్నకు ఆ జత దగ్గర జవాబు లేదు. కానీ ఆ లైనులో అందరికంటే ఎక్కువ నొప్పితో ఉన్న మనిషిని మా పరీక్ష నియమం ప్రకారమే పక్కన పెట్టేసింది. ఆ మనిషికి కుర్చీ అయినా ఒకటే, స్టూలైనా ఒకటే.

"ఇది వేరే ప్రశ్న," అన్నాను ఓనరు కొడుకుతో. "దీనికి ఏ పరీక్షా అక్కర్లేదు. ఇక్కడ ఎవరో భరించలేని నొప్పితో కూర్చుని కుడుతున్నారు. అంతవరకు మనకు తెలిసింది."

"ఎవరో తెల్వకుండ ఏం చేస్తం?"

అక్కే జవాబు చెప్పింది. "అందరికీ చెప్దాం సార్. నడుము నొప్పున్నోళ్లు ఎవలైనా సరే, పని దినం పోకుండ ఒక పూట దవాఖానాకు పోయి రావచ్చని చెప్దాం. ఎందుకు పోయిన్రని అడగొద్దు. సీజన్ అయిపోయినంక ఆ వంకతోని ఎవలనూ తీయొద్దు. గిది మీ నాయినతోని మీరే మాట్లాడాలె."

అతను మాట్లాడాడు. పెద్దాయన కుర్చీలకు ఒప్పుకున్నాడు గానీ అన్నీ ఒకేసారి కాదు, సగం ఇప్పుడు, సగం సీజన్ డబ్బు వచ్చాక అన్నాడు. దవాఖానా సంగతికి కొంత గొణిగి సరేనన్నాడు. సోమవారం పొద్దున మిషన్లు ఆపించి అక్క ఆ మాట చెప్పినప్పుడు మొదట ఎవరూ కదల్లేదట. రెండు రోజుల తర్వాత ఒకామె వెళ్లింది. ఆమె పని పోలేదని చూశాక ఒకరి వెంట ఒకరు వెళ్లారు. వెళ్లిన వాళ్లలో ఒకామెను డాక్టరు కొన్నాళ్లు మిషన్ ముందు కూర్చోవద్దన్నాడు. ఆమెను నిలబడి చేసే ప్యాకింగ్ పనికి మార్చారు. ఆ ఇటుక రంగు ఆమెదేనని అక్క నమ్మకం. అయ్యుండొచ్చు. కాకపోయినా ఆమెకు మంచే జరిగింది కాబట్టి నేను వాదించలేదు.

కుర్చీలు వచ్చాక కొందరు తమ స్టూళ్లు తమకే కావాలని అడిగారట. పొట్టివాళ్లకు కుర్చీలో వెనక్కి ఆనితే పెడల్ మీద పాదం సరిగా ఆనడం లేదు. వాళ్లలో ఇద్దరికి కాళ్ల కింద చెక్క పీట వేయించారు, మిగిలిన వాళ్లు స్టూళ్ల మీదే ఉన్నారు. ఎవరికి ఏది కావాలో వాళ్లను అడిగి ఇవ్వడమే మేలని అక్క తేల్చింది. మొత్తమ్మీద కుర్చీ మంచిదైనంత మాత్రాన ప్రతి నడుముకూ మంచిది కాదు కదా.

కాలేజీలో నేను చెట్టు గీయడం మానలేదు. పరీక్షకు అదే వస్తుంది, పిల్లలు దాటాలి. కానీ అంకెలిచ్చి 'తగిన పరీక్ష ఎంచుకోండి' అని అడిగినప్పుడు, ఈ షెడ్డు సంగతి నా నోట విన్న ఒకరిద్దరు ఈ మధ్య చెయ్యెత్తి, "ఇవి ఎవరి అంకెలు మేడం? ఎవరు కొలిచారు? కొలిచేటప్పుడు ఎదురుగా ఎవరున్నారు?" అని నన్నే అడుగుతున్నారు. జవాబు నాకు తెలియదు. పాఠ్యపుస్తకంలో అవి ఎవరివీ కావు. ఆ మాటే వాళ్లతో చెబుతాను, అప్పుడు కాసేపు క్లాసు పాఠం దారి తప్పుతుంది. తప్పనిస్తాను.

పోయిన వారం ఓనరు కొడుకు ఫోన్ చేశాడు. దారం మూడు చోట్ల నుంచి తెప్పిస్తున్నారట. ఎవరి దారం ఎక్కువ తెగుతుందో తేల్చుకోవాలట.

"మూడు గుంపులైతే టెస్టు మారుతది గదా మేడం? రెండేసి తీసుకుని మూడుసార్లు టీ టెస్టు చేస్తే తప్పా?"

"తప్పే. అన్నిసార్లు చూస్తే ఎక్కడో ఒకచోట అదృష్టవశాత్తూ తేడా కనిపిస్తుంది. ముందు మూడింటినీ కలిపి ఒకేసారి అడగాలి. ఇంతకీ ఎలా కొలిచారు? ఒకే మిషన్ మీదా, వేర్వేరు మిషన్ల మీదా?"

"ఇంక కొలువలేదు మేడం," అన్నాడు. "అందుకే ముందుగాల మీకు ఫోన్ జేసిన."

బుధవారం వస్తానని చెప్పాను.